గుర్రపుశాల పడమటి గోడ

మొన్న కోరుట్ల నుంచి వస్తున్న బస్సు ఇటుక బట్టీల దగ్గర ఆగింది. ఇంజనుకు ఏమైందో, డ్రైవరుకు చాయ్ గుర్తొచ్చిందో తెలియదు. కిటికీలోంచి కాలుతున్న మట్టి వాసన లోపలికి వచ్చింది. పచ్చి మట్టిది ఒక వాసన, కాలే మట్టిది ఇంకొక వాసన. ఈ రెండోది గొంతులో కొంచెం చేదుగా నిలబడిపోతుంది. నా పక్కనున్న ముసలమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం అద్దం ఇంకా జరిపి, బస్సు కదిలేదాకా ఆ గాలి పీలుస్తూ కూర్చున్నాను. అది నాకు ఖర్జూరపు మొద్దుల మీద మట్టిపెళ్ళలు పేర్చి కాల్చిన వాసన. ఆ పొగలో కళ్ళు నలుపుకుంటూ, రబ్బరు బూట్లతో నిలబడి, అందరినీ గదమాయించే ఒక మనిషి వాసన. ఆమె పేరు షంసా. మేమంతా బీబీ అనేవాళ్ళం.

తొంభైల మొదట్లో నేను ఒమాన్‌లో ఒక చిన్న కంపెనీలో లేబర్‌ని. పదో తరగతితో చదువు ఆగింది కానీ చదవడం ఆగలేదు. మెట్‌పల్లి గ్రంథాలయంలో, తాళంచెవి చప్పుడు చేసి వెళ్ళగొట్టేదాకా కూర్చునేవాణ్ణి. మొహెంజోదారో తవ్వకాల గురించి అక్కడున్న పుస్తకం అట్ట ఊడిపోయిందంటే అది నా వల్లే. గొప్పలు చెప్పుకోవడం లేదు అంటే అబద్ధమవుతుంది, చెప్పుకుంటున్నాను. మా ఫోర్‌మన్ ఖాదర్ భాయ్‌ది కడప జిల్లా. పని మొదలుపెట్టేముందు నేను ఏదో ఒక సంగతి చెప్పకుండా ఉండలేనని నాకు ‘లైబ్రరీ సాబ్’ అని పేరు పెట్టాడు. పిలిచినప్పుడల్లా రూమ్ అంతా నవ్వేది. నాకు మాత్రం ఆ పేరు నచ్చింది.

ఆ ఏడు మా పని సముద్రతీరపు ఖబూరా నుంచి కొండల వైపు లోపలికి ఉన్న ఒక ఊళ్ళో. ఊరి మధ్యనుంచి ఫలజ్ పారుతుంది. ఫలజ్ అంటే కొండ అడుగున ఊరిన నీటిని పల్లం చూసుకుంటూ ఊళ్ళోకి నడిపించిన కాలువ. మొదట తాగేవాళ్ళు, తర్వాత స్నానాలు, బట్టలు, ఆ తర్వాత పశువులు, చివరికి ఖర్జూరపు తోటలు, ఇలా ఒకే నీళ్ళకు వరుస ఉంటుంది. పశువుల వంతు వచ్చే చోట, కాలువ గట్టు మీద పాత గుర్రపుశాల ఒకటి ఉండేది. పచ్చి ఇటుకల గోడలు. పడమటి గోడ పూర్తిగా పడిపోయింది, పైకప్పు లేదు. అయినా లోపల గోడలోనే కట్టిన మేత తొట్లు, గుర్రాలను కట్టేసే రంధ్రాలు అలాగే ఉన్నాయి. ఆ రంధ్రాల అంచులు తాళ్ళ ఒరిపిడికి గాజులా నునుపెక్కాయి. అక్కడినుంచి రోడ్డు వెళ్ళాలి కనుక దాన్ని తీసెయ్యమని మాకు చెప్పారు.

మేము గడ్డపారలతో వెళ్ళేసరికి ఒకావిడ మేత తొట్టిలో కూర్చుని ఉంది. యాభై దాటిన వయసు. రంగురంగుల పొడుగు గౌను మీద నల్ల బట్ట, కాళ్ళకు పొలంలో వేసుకునే రబ్బరు బూట్లు. పక్కన కాఫీ ఫ్లాస్కు, ఖర్జూరాల గిన్నె.

“ఉఠో బీబీ, హమారా డ్యూటీ హై,” అన్నాడు ఖాదర్ భాయ్.

“మేరా భీ డ్యూటీ హై, భాయ్. కాఫీ పీయో,” అందామె.

ఆమె హిందీ వింతగా ఉండేది. సముద్రం అవతల దీవి జాంజిబార్‌లో పుట్టి పెరిగి, అక్కడ గుజరాతీ కొట్లవాళ్ళ దగ్గర నేర్చుకున్న హిందీ అది. ఆ తర్వాత ఆమె మాట్లాడిందంతా నేను తెలుగు చేసే రాస్తున్నాను. ఖాదర్ భాయ్ మా వైపు తిరిగి తెలుగులోకి దిగాడు.

“ఏందిరా సామీ ఇది! ఈయమ్మ గుడ్లు పొదిగే కోడి మాదిరి తొట్లో కూర్చునుండాది. ఇంగ యాడ కొట్టేది?”

“ఆ తొట్టి ఇడిసిపెట్టి మిగిలింది కూలుద్దామా అన్నా?” అన్నాను.

“నువ్వు గమ్మునుండు లైబ్రరీ సాబ్. ముదీర్‌ను పిల్చుకరావాల.”

ముదీర్ అంటే మా మేనేజరు. ఆయన వచ్చేలోగా మేమంతా ఆమె కాఫీ తాగేశాం. ముదీర్ వెంట ఆ ప్రాంతపు వ్యవహారాలు చూసే అధికారి కూడా వచ్చాడు. అరబ్బీలో చాలాసేపు వాదన జరిగింది. ఆమె గొంతు పెంచలేదు, తొట్టిలోంచి లేవనూ లేదు. చివరికి ఆ అధికారి విసిగిపోయి ఒక మాట ఇచ్చాడు. వేసవి చివర ఖర్జూరం కోతలు అయ్యేలోపు పడమటి గోడ లేచి, పైన కప్పు పడితే శాల ఉంటుంది, రోడ్డు వంగుతుంది. లేకపోతే రోడ్డు తిన్నగా వెళ్తుంది. ముదీర్ నవ్వాడు. ఆమెకు ఎవరున్నారు కట్టడానికి? ఊళ్ళోవాళ్ళే ఆమెను ‘జింజిబారీ’, అంటే జాంజిబార్ మనిషి అని, బయటి మనిషి లెక్కలో చూసేవారు. తాత ఊరు ఇదే అయినా ఆమె పెద్దయ్యాక వచ్చి దిగింది, ఖబూరాలో ఆడపిల్లల బడిలో టీచరుగా కుదిరింది.

వాళ్ళు వెళ్ళాక ఆమె మా గడ్డపారల వైపు చూసింది. “కూల్చడం మీకు వచ్చని తెలిసింది. కట్టడం వచ్చా?”

ఖాదర్ భాయ్‌కి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. “ఏమంటాంది రా ఈమె? నేను కట్టిన మేడలు కడపలో సూసినాదా?” అని మాతో అని, ఆమెతో మాత్రం చాలా మర్యాదగా, “శుక్రవారం వస్తాం బీబీ,” అన్నాడు. శుక్రవారం మాకు సెలవు. అలా ఆ వేసవి శుక్రవారాలన్నీ ఆమెవైపోయాయి.

మేము వెళ్ళగానే తాపీలు అందుకుంటామనుకున్నాం. ఆమె మేకులు, తాళ్ళు ఇచ్చింది. కట్టేముందు అడుగున ఏముందో తవ్వి చూడాలని శాల నేలంతా చదరాలుగా తాళ్ళు కట్టించింది. ఒక్కో చదరానికి, వింత చూడ్డానికి వచ్చినవాళ్ళలోంచి ఒక ఊరి మనిషి, ఒక కంపెనీ మనిషి. ఆమె కొన్నేళ్ళు విదేశీ పరిశోధకుల తవ్వకాల్లో దుబాసీగా పనిచేసిందట, ఆ పద్ధతంతా అక్కడ పట్టుకుంది. నాకు ప్రాణం లేచొచ్చింది. “బీబీ, ఇది నాకు తెలుసు. మొహెంజోదారోలో ఇట్లనే చేసిండ్రు. పుస్తకంలో చదివిన,” అని నాకొచ్చిన హిందీలో గబగబా చెప్పాను.

“మంచిది. అక్కడ మొదటి నేల కింద ఏముంది?”

నేను వంగి, బిగిసే ఉన్న తాడు ముడిని మళ్ళీ బిగించాను.

“చదివినవాడివి నువ్వే కనుక జల్లెడ నీదే,” అని చేతిలో పెట్టింది. ఖాదర్ భాయ్ పగలబడి నవ్వాడు. ఆ రోజు సాయంత్రానికి నా జల్లెడలో ఒక గుర్రపు నాడా మేకు, చిలుము పట్టిన గంట ఒకటి, గుప్పెడు గుర్రపు లద్దె పీచు తేలాయి. ఆమె గంటను పక్కన పెట్టి పీచును అరచేతిలో వేసుకుని, ఇందులో ఎండు చేప ముల్లు ఉంది చూడు అంది. సముద్రం దగ్గరి ఊళ్ళలో గుర్రాలకు ఎండు చేప కూడా పెట్టేవారని అప్పుడు తెలిసింది. ఏ పుస్తకంలోనూ చదవని సంగతి నా చేతుల్లోంచి బయటికి వచ్చింది. ఆ వారమంతా రూమ్‌లో దాని గురించి మాట్లాడి అందరి ప్రాణం తీశాను.

ఒకసారి అడిగాను. “మీ తాత గుర్రం ఇక్కడ్నే కట్టేసెటోడా బీబీ?”

“మా తాతకు గాడిద ఉండేది,” అంది. కొంచెంసేపు జల్లెడలోని మట్టి వేళ్ళతో కదిపి, “అడగకుండా ఇళ్ళు కూల్చడం జాంజిబార్‌లో ఒకసారి చూశాను, గంగారాం. ఇంకోసారి చూస్తూ కూర్చోను,” అంది. అంతకు మించి ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఇటుకల దగ్గర అసలు తంటా మొదలైంది. పచ్చి ఇటుక ఎలా పోయాలో ఊళ్ళో ఎవరికీ పూర్తిగా గుర్తులేదు. ముగ్గురు పెద్దమనుషులు వచ్చి మూడు రకాలు చెప్పారు. గడ్డి ఎక్కువ కలపాలని ఒకరు, అసలు కలపకూడదని ఒకరు, ఖర్జూరపు పీచు తప్ప ఏదీ పనికిరాదని మూడోవారు. వాళ్ళు కర్రలు ఎత్తేదాకా వచ్చింది. బీబీ ముగ్గురికీ తలా ఒక గుంట చూపించి, ఎవరి ఇటుకలు వాళ్ళనే పోయించుకోమంది. ఎండాక అన్నింటినీ మోకాలెత్తు నుంచి రాయి మీద పడేయించింది. మూడూ పగిలాయి. ముగ్గురూ ఒకరి ముక్కలు ఒకరు చూసుకుని, మరుసటి శుక్రవారం కలిసి ఒకే గుంట తొక్కారు. వాళ్ళతోపాటు మేము తొక్కాం, ఆమె బడిలో చదివే ఆడపిల్లలు, వాళ్ళ తల్లులు తొక్కారు. గోడ నిలువు చూసే తూకం గుండు పట్టడం మేము వాళ్ళకు నేర్పాం, మట్టి చేతికి ఎప్పుడు అంటకుండా ఊడొస్తుందో కనిపెట్టడం వాళ్ళతో కలిసి నేర్చుకున్నాం.

గోడకు సరిపడా మట్టి తొక్కాలంటే చాలా నీళ్ళు కావాలి. ఫలజ్ నీళ్ళు ఎవరివి పడితే వారివి కావు. ఒక్కో కుటుంబానికి కొంతసేపటి వంతు ఉంటుంది. ఆ వంతులు చూసే పెద్ద సాలిం అనే ముసలాయన. “పడిపోయిన గోడకు వంతు లేదు,” అని తేల్చేశాడు. బీబీ ఏమీ వాదించలేదు. మరుసటిసారి ఆమె తోట వంతు వచ్చినప్పుడు, తోటకు వెళ్ళే తూము మూసి, నీళ్ళను శాల వైపు తిప్పేసింది. సగం వేసవి అది. ఆమె నిమ్మచెట్లు ఆకులు రాల్చడం మొదలుపెట్టాయి. ఊరంతా వచ్చి చూసింది. జింజిబారీకి మతి పోయిందన్నారు. సాలిం వచ్చి గట్టు మీద నిలబడి గట్టిగా అరిచాడు. ఖాదర్ భాయ్ మాకు సగం సగం అర్థం చెప్పాడు.

“నీ తాత నాటిన చెట్లు చంపుతాండావే, నీకు దేవుని భయం లేదా అంటాండాడు.”

“మరి బీబీ ఏమంటుంది?”

“నా వంతు నీళ్ళు, తాగుతానో పారబోస్తానో మట్టి పిసుకుతానో నా ఇష్టం, నువ్వు పక్కకు జరుగు, నా నీళ్ళకు అడ్డం నిలబడినావు అంటాంది.” ఖాదర్ భాయ్ మీసం కింద నవ్వాడు. “మా అమ్మ గూడా ఇట్లే మాట్లాడేది రా.”

గోడ ఛాతీ ఎత్తుకు లేచింది. అప్పుడు జరిగింది. మాకు తెలిసిన గోడ సిమెంటు గోడ. కట్టిన గోడకు నీళ్ళు పట్టకపోతే మేస్త్రీకి అన్నం సహించదు. ఖాదర్ భాయ్ హుకుం మీద మేము డ్యూటీ అయ్యాక పికప్‌లో వచ్చి, డ్రమ్ములో దాచిన నీళ్ళతో గోనెసంచులు తడిపి గోడ నిండా కప్పాం. రోజూ సాయంత్రం మళ్ళీ తడిపాం. ఊరివాళ్ళు చూశారు కానీ ఇది ఇండియా విద్య కాబోలని ఊరుకున్నారు. బీబీ ఆ వారం ఖబూరాలో, తప్పినవాళ్ళకు మళ్ళీ పెట్టే పరీక్షల్లో ఉంది. శుక్రవారం పొద్దున వెళ్ళేసరికి గోడ లేదు. విరిగి పడలేదు. అలిసిన బర్రె ముందుకాళ్ళు మడిచి కూర్చున్నట్టు, ఉన్నచోటే చతికిలబడి ఉంది. పైన గోనెసంచులు ఇంకా పద్ధతిగా కప్పే ఉన్నాయి.

సాలిం కడుపు పట్టుకుని నవ్వాడు. “హిందీవాళ్ళు గోడకు స్నానం చేయించారు!” అక్కడ మనదేశం వాళ్ళందరినీ హిందీలనే అంటారు. ఊరంతా ఆ మాట పట్టుకుంది. ముదీర్ వచ్చి చూసి, కారు దిగకుండానే వెళ్ళిపోయాడు. ఖాదర్ భాయ్ తాపీ దూరంగా విసిరేశాడు. “ఇంగ నేను రాను. కడపోళ్ళ పరువు కాలవలో కలిపినా.”

బీబీ వచ్చింది. ఒక గోనెసంచి అంచు ఎత్తి కింద చూసింది. తర్వాత సంచిలోంచి తాడు తీసి కొస నా చేతికిచ్చింది.

“పట్టుకో.”

“ఎందుకు బీబీ?”

“తవ్వుదాం.”

“ఇది మనం కట్టిందే గదా!”

“అందుకే. ఎవరో కట్టింది అయితే బ్రష్షుతో తవ్వుతారు, మనది అయితే పారతో ఎత్తి కాలువలో పోస్తారా? ఎక్కడినుంచి పోయిందో నాకు తెలియాలి. ఖాదర్, తాపీ తెచ్చుకో. నా సొమ్మయితే విసురు, అది నీ సొమ్ము.”

నెలలనాటి గోడను వందల ఏళ్ళనాటి దానిలా చదరాలు కట్టి తవ్వాం. వరుస వరుసగా, జల్లెడ పట్టి. నవ్వడానికి వచ్చినవాళ్ళు నవ్వుతూ నిలబడ్డారు, తర్వాత నవ్వు మాని చూశారు. అడుగు వరుసలు పూర్తిగా ముద్దయిపోయాయి, అది మేము ఊహించిందే. కానీ దాని పక్కనే, మేము శిథిలమనుకుని వదిలేసిన రాళ్ళ కుప్ప కింద, ఇంకొక పాత గోడ ఇలాగే చతికిలబడి కనిపించింది. దాని మీద ఎవరో వాగు రాళ్ళు మోకాలెత్తు పేర్చి, వాటికి కాల్చిన మట్టి పొడితో చేసిన గట్టి పూత పూసి, ఆ పైన ఇటుకలు మొదలుపెట్టారు. ఆ పూతను అక్కడ సారూజ్ అంటారు. నీటికి కరగదు. మేము ఆ పునాదిని వదిలేసి, పక్కనున్న ఉత్త మట్టి మీద గోడ లేపామన్నమాట.

బీబీ రెండు చేతులూ చరిచింది. పండగ వచ్చినట్టుంది ఆమె ముఖం. “చూశారా, వాళ్ళదీ పడింది! వాళ్ళదీ పడింది! ఖాదర్ భాయ్, నీకంటే ముందు ఇక్కడ ఇంకో ఖాదర్ ఉన్నాడు.”

“వానికి గూడా పరువు పోయినాదా బీబీ?” అన్నాడు ఖాదర్ భాయ్.

“పోయింది. మళ్ళీ కట్టాడు.”

నేను చదివిన చరిత్రలో రాజులు గెలిచేవారు, నగరాలు అంతరించేవి. గోడ పడిపోతే తల గీరుకుని, రాళ్ళు మోసుకొచ్చి, ఈసారి సరిగ్గా కట్టుకున్నవాడి గురించి ఎవరూ రాయలేదు. ఆ మధ్యాహ్నం వాడు నాకు చాలా దగ్గరివాడిలా అనిపించాడు.

ఆ సాయంత్రం సాలిం ఒంటరిగా వచ్చాడు. పాత పునాది ముందు గొంతుక్కూర్చుని, సారూజ్ పూతను గోటితో గీకి చూశాడు. లేచి వెళ్తూ, వెనక్కి తిరగకుండానే ఏదో అన్నాడు. బీబీ నవ్వి మాకు చెప్పింది. రేపు తన వంతులో సగం నీళ్ళు శాలకు వదులుతాడట. “ఇది నీ కోసం కాదు జింజిబారీ, గోడ కోసం” అన్నాడట. ఆయన ఇచ్చాక మిగతావాళ్ళు ఇవ్వకుండా ఎలా ఉంటారు? ఒక్కొక్క తోట నుంచి కొంచెం కొంచెం నీళ్ళు మళ్ళాయి. సారూజ్ కోసం ఖర్జూరపు మొద్దులు పేర్చి, మట్టిపెళ్ళలు ఎక్కించి నిప్పు పెట్టాం. అది రోజుల తరబడి కాలింది. ఆడవాళ్ళు ఆ కాలిన మట్టిని కర్రలతో పొడి కొట్టారు. ఖాదర్ భాయ్ పాత రాళ్ళ మీద కొత్త రాళ్ళు కూర్చాడు. ఈసారి గోడ మీద నీటిచుక్క పడితే చేయి విరుస్తానని మమ్మల్ని బెదిరించాడు.

కోతలు అయిపోయాయి. గోడ నిలబడింది, కానీ కప్పు సగమే పడింది. అధికారి పెట్టిన గడువు ముదీర్ మరవలేదు. అధికారిని వెంటబెట్టుకుని, బుల్‌డోజర్‌తో వచ్చాడు. “కప్పు పూర్తి కాలేదు,” అన్నాడు. అది నిజమే.

కానీ శాల ఖాళీగా లేదు. తెల్లవారుజామునే ఊరంతా తమ తమ పశువులను తెచ్చి లోపల కట్టేసింది. ఆ పాత రంధ్రాల నిండా కొత్త తాళ్ళు. మేకలు, గాడిదలు, రెండు ఆవులు, ఊరి మొత్తానికి మిగిలిన ఒకే ఒక గోధుమరంగు గుర్రం. తొట్ల నిండా పచ్చగడ్డి. బీబీ వాకిట్లో నిలబడి, “గోడ కట్టాం, కట్టలేదా? కప్పు మీకా, వాటికా? వాటిని అడగండి, చాలదంటాయేమో,” అంది. అధికారికి నవ్వు ఆగలేదు. బుల్‌డోజర్ నడిపే పంజాబీ ఇంజన్ ఆపి కిందికి దిగాడు. పాలిచ్చే మేకల మీదికి బండి ఎక్కించడం తన వల్ల కాదన్నాడు.

ముదీర్ మా వైపు తిరిగాడు. ఆ రోజు శుక్రవారం కాదు, మేము డ్యూటీలో ఉన్నాం. “తాళ్ళు విప్పండి,” అన్నాడు.

ఖాదర్ భాయ్ చేతులు కట్టుకున్నాడు. ఎవరూ కదల్లేదు. ముదీర్ నా దగ్గరికి వచ్చి, వేలు చూపించి అన్నాడు. “నువ్వు. నీకేం సంబంధం దీనితో?”

నాకు వచ్చిన హిందీ, అరబ్బీ అన్నీ ఒక్కసారి మాయమయ్యాయి. తెలుగులోనే అన్నాను. “అది నా గోడ.”

ఖాదర్ భాయ్ దాన్ని హిందీ చేశాడు. బీబీ అరబ్బీ చేసింది. సాలిం దాన్ని ఇంకా గట్టిగా ఊరందరికీ వినిపించాడు. వినిపించి, “స్నానం చేయించింది వీడే,” అని కూడా కలిపాడట. అధికారి ముదీర్ భుజం మీద చేయివేసి కారు వైపు నడిపించాడు. రోడ్డు వంగింది.

ఖాదర్ భాయ్‌నీ, నన్నూ ఆ వారమే రాజధాని దగ్గరున్న అల్ ఖౌద్ సైట్‌కు మార్చేశారు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి అక్కడ ఫ్లాట్లు కట్టాను, షాపులు కట్టాను. ఒక శుక్రవారం దొరికితే ఆ ఊరికి వెళ్ళాను. కప్పు పూర్తయింది. బీబీ కొందరు ఆడపిల్లలకు సారూజ్ పూయడం నేర్పుతోంది. నన్ను చూసి ఎలా ఉన్నావని అడగలేదు. “ఉత్తరం వైపు అడుగున చెమ్మ ఎక్కుతోంది, చూసిరా,” అంది. చూసి, మధ్యాహ్నం దాకా పనిచేసి, అన్నం తిని బస్సెక్కాను. అదే ఆఖరు. నేను ఇక్కడికి తిరిగొచ్చిన కొన్నాళ్ళకు ఆమె పోయిందని ఖాదర్ భాయ్ కబురు చెప్పాడు.

ఎడారిలో నేను ఎత్తిన గోడలన్నీ వరుసగా నిలబెడితే చాలా దూరం పోతాయి. వాటిలో ఏదీ నాది కాదు. అవి నావని ఎవరూ అనలేదు, నాకూ అనాలనిపించలేదు. ఆ ఒక్కదాన్ని మాత్రం ముదీర్ ముందు, బుల్‌డోజర్ ముందు, నోరారా నాదన్నాను. ఆ మాట అన్నాక మనిషి మళ్ళీ ముందులా ఉండడు. ఇప్పటికీ ఎవరైనా ‘నీకేం సంబంధం’ అంటే నా వెన్ను దానంతటదే నిటారవుతుంది. మా వీధిలో, మార్కెట్లో, ఆఫీసుల్లో ఈ అలవాటు వల్ల నాకు పేచీకోరు అని పేరొచ్చింది. రానీ.

శాల ఇప్పుడు ఎలా ఉందో తెలియదు. పడిపోయి ఉంటే, ఆ ఆడపిల్లల్లో ఎవరో ఒకరు తాళ్ళు కట్టి, జల్లెడ పట్టుకుని దాని ముందు కూర్చునే ఉంటారు. నిలబడి ఉంటే, దాని పడమటి గోడ నాది.